తడిసిన ఇసుకరాయి

మా వంటింటి గట్టు మారుస్తున్నాం. పాత నాపరాయి అక్కడక్కడా పెచ్చులూడి, ఎంత తోమినా మరక వదలకుండా తయారైంది. నల్ల గ్రానైట్ వేయిద్దామని మా కోడలు పట్టుబట్టింది. మొన్న ఉదయం తాపీమేస్త్రి పలకను పెరట్లో దింపి, మెషీన్‌తో కోస్తూ, దుమ్ము లేవకుండా మధ్యమధ్య చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. అతనికి కాఫీ ఇద్దామని గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. గుమ్మం దాటగానే ఆ వాసన తగిలింది. తడిసిన రాతిపొడి వాసన. గ్లాసు అరుగు మీద పెట్టేసి, వెళ్ళి పలక మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాను. మేస్త్రి మెషీన్ ఆపి నా ముఖంలోకి చూశాడు. "ఏంటమ్మగారూ, రాయి బాలేదాండి?" అన్నాడు. బాగానే ఉందని అనబోయి ఆగిపోయాను. రాయి గురించి ఆ మాట నేను తొందరపడి అనను. "ఉండు బాబూ, చూసి చెబుతాను" అన్నాను. వంటింటి గట్టుకి ఇంత ఆలోచన ఏమిటని అతను అనుకునే ఉంటాడు. అతని తప్పేం లేదు. భ్రమరాంబ గారు అతనికి తెలియరు.

డెబ్భయ్యవ దశకం చివర్లో రాజమండ్రిలో మా పిన్ని ఇంట్లో ఉండి నేను చదివిన కాలేజీలో ఆవిడ జియాలజీ లెక్చరర్. అప్పటికి నలభై ఏళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కళ్ళజోడు జారకుండా దానికి నల్లదారం కట్టి తల వెనక ముడి వేసుకునేవారు. కాటేరు నల్లరాతి క్వారీలో వాళ్ళ నాన్నగారు మేస్త్రిగా పనిచేశారట. చిన్నప్పుడు ఆయనకి క్యారియర్ తీసుకెళ్ళడానికి చుట్టూ తిరిగే దారి దూరమని, అడ్డదారిన రాళ్ళు పట్టుకుని దిగేవారట. ఆ దిగడమే ఎక్కడం నేర్పిందని చెప్పేవారు. ఆదివారం వస్తే ఉప్పాడ నేతచీర కుచ్చిళ్ళు పైకి దోపి, కచ్చ పోసి, తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకుని మా ఆరుగురు ఆడపిల్లల్ని వెంటేసుకుని రాళ్ళెక్కడానికి బయలుదేరేవారు. రిక్షావాళ్ళు ఆగి మరీ చూసేవారు. ఆవిడ వాళ్ళనీ పేరుపేరునా పలకరించి వెళ్ళేవారు.

రాళ్ళంటే నాకేం తెలుసని? మాది రావులపాలెం. మా నాన్నది అరటిగెలల వ్యాపారం. మా వైపు ఎంత లోతు తవ్వినా మన్నే తప్ప చిన్న రాయి తగలదు. గోదారి తెచ్చి పోసిన ఒండ్రు మీద పుట్టి, దాని మీదే పెరిగినవాళ్ళం. మొదటి క్లాసులోనే భ్రమరాంబ గారు నన్ను లేపి, "మీ ఇంట్లో ఎన్ని రాళ్ళున్నాయమ్మా?" అని అడిగారు. నేను బాగా ఆలోచించి, "మూడండి. రుబ్బురోలు, సన్నికల్లు, బట్టలుతికే బండ" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మూడూ ఏ రాయో శనివారం ఇంటికెళ్ళి చూసి రా" అన్నారు. ఆ శనివారం బస్సు దిగి ఇంటికి వెళ్ళగానే, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఉన్న రుబ్బురోలు ముందు మొదటిసారి గొంతుకు కూర్చుని దాన్ని చూశాను. నల్లగా ఒకటే రంగు అనుకున్న రాయిలో మెరిసే పలుకులూ, బూడిదరంగు చుక్కలూ కనిపించాయి. మా అమ్మ వచ్చి, "ఏంటే, రోట్లో ఏం పడింది?" అంది. నాకే తెలియలేదు ఏం పడిందో.

మొదటిసారి నన్ను ఎక్కించింది కాటేరులో రాయి కొట్టడం ఆపేసిన పాత క్వారీలో. ఓణీ నడుముకి బిగించి, లోపల మా పిన్ని కొడుకు ప్యాంటు వేసుకుని వెళ్ళాను. అది నాకు ఒక జానెడు పొడుగు. భ్రమరాంబ గారు పక్కదారిన పైకి వెళ్ళి, వేపచెట్టు మొదలుకి తాడు రెండు చుట్లు తిప్పి, మిగతాది తన నడుము చుట్టూ తెచ్చుకుని కూర్చున్నారు. గోదాట్లో లాంచీ నడిపిన ఒక ముసలి సరంగు దగ్గర కొన్న తాడు అది. నీటివాసనా డీజిలు వాసనా కలిసి కొట్టేది. రెండో కొస నా నడుముకి కట్టారు. నేను వెళ్ళి రాయిని రెండు చేతులతో వాటేసుకున్నాను. మా వైపు కొబ్బరి దింపు తీసేవాళ్ళు చెట్టెక్కడం చూశాను కదా, ఎక్కడమంటే అదే అనుకున్నాను. ఎంత గట్టిగా కావలించుకుంటే అంతగా కాళ్ళు జారుతున్నాయి. పైనుంచి ఆవిడ కేక వేశారు. "అది కొబ్బరిచెట్టు కాదమ్మా వాసవీ! దానికి దూరంగా జరుగు. కాళ్ళ మీద నిలబడు. చేతులు ఊరికే తోడు." జరిగితే పడతానని నాకు భయం. "జరగనండీ" అని ఏడుపు గొంతుతో అరిచాను. "సరే, ఏడుస్తూనే జరుగు" అన్నారు. ఏడుస్తూనే జరిగాను. ఆశ్చర్యం, కాళ్ళు నిలబడ్డాయి. ఆ రోజు నేను ఎక్కింది మా ఇంటి పెంకుటి చూరంత ఎత్తే. కానీ పిన్ని ఇంటికి తిరిగొచ్చేదాకా నేల మీద నడుస్తున్నట్టు అనిపించలేదు.

సంగతి మా నాన్నకి తెలియడానికి రెండు వారాలు పట్టింది. గెలల లారీ మీద రాజమండ్రి వచ్చి, అటునుంచి అటే క్వారీకి వచ్చేశారు. తెల్లపంచె మీద అరటిజిగురు మచ్చలు అలాగే ఉన్నాయి. కేకలు వేస్తారని నేను రాయి చాటుకి నక్కాను. నాన్న నేరుగా తాడు దగ్గరికి వెళ్ళారు. ముందు తాడు పట్టుకుని చూశారు. ముడి లాగి చూశారు. తాళ్ళ సంగతి ఆయనకి బాగా తెలుసు. ఆ తరవాత భ్రమరాంబ గారి దగ్గరికి వెళ్ళి, "మేడంగారూ, అరటిగెల దించేటప్పుడే మేం కింద ఆకులు పరుస్తామండి, కమిలిపోతుందని. మా పిల్ల కింద మీరేం పరుస్తారండి?" అన్నారు. ఆవిడ లేచి నిలబడ్డారు. "ఏమీ పరచనండి. నేను చూస్తూ ఉంటాను" అన్నారు. నాన్న ఆవిడ ముఖంలోకి చూసి, తలూపి, "అయితే సరేనండి" అని లారీ దగ్గరికి వెళ్ళిపోయారు. మా నాన్న అంత తేలిగ్గా సరే అన్న సందర్భం నాకు ఇంకోటి గుర్తులేదు.

రాళ్ళని ఆవిడ మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడేవారు. కాటేరు నల్లరాయిని, అదే బసాల్ట్‌ని, ముక్కుసూటి మనిషి అనేవారు. అంచు ఉంటే ఉంది, లేకపోతే లేదు, మొహమాటం లేదు. నిలువు పగుళ్ళలో వేళ్ళు దోపితే నమ్మకంగా ఆగుతాయి, కానీ నున్నగా అరిగినచోట చెమటచెయ్యి పెడితే క్షమించదు. కోరుకొండ వైపు గుట్టల్లో ఖోండలైట్ అనే రాయి ఉండేది. ఎండకీ వానకీ పైపొర చివికి, లోపల ఎర్రటి గార్నెట్ గింజలు పైకి తేలి ఉంటాయి. అది చేతిని గీరుతుంది, కానీ బూటుకి బాగా పట్టునిస్తుంది. దాన్ని ఆవిడ నోరు చెడ్డదైన మేనత్త అనేవారు. ఇక ధవళేశ్వరం వైపు ఇసుకరాయి. ఎర్రగా, పసుపుగా చారలు చారలుగా ఉంటుంది, ముట్టుకుంటే వేళ్ళకి సన్నటి ఇసుక అంటుతుంది. ఎంత ఎక్కినా చేతులు మండవు. మా ఆరుగురిలో నలుగురికి అదే ఇష్టం. ఏడాది చివర ఆవిడ ప్రతి ఒక్కరినీ, "ఎక్కడానికి నీకే రాయి ఇష్టం?" అని అడిగేవారు. ఎందుకిష్టమో చెప్పకపోతే ఒప్పుకునేవారు కాదు. "మరి మీకండీ?" అని తిరిగి అడిగితే మాత్రం నవ్వేసి తాడు చుట్టుకోవడంలో పడిపోయేవారు. తండ్రి క్వారీ కదా, నల్లరాయే అయి ఉంటుందని మేం అనుకునేవాళ్ళం.

ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. ఎక్కేముందు, వంతులవారీగా మాలో ఒకరు రాయిని చూడాలి. చూడడమంటే ఊరికే చూడడం కాదు. ప్రతి అంచునీ వేలి కణుపుతో తట్టాలి, చెవి పెట్టి వినాలి, అరచేత్తో తడమాలి, బలంగా లాగాలి. ఆ తరవాత ఆవిడ వైపు తిరిగి, "బాగానే ఉందండీ" అనాలి. ఆ మాట అన్నాకే ఆవిడ మొదటి అడుగు వేసేవారు. పక్కదారి లేనిచోట తాడు కట్టడానికి రాయెక్కి పైకి వెళ్ళేది ఆవిడే కాబట్టి, మొదట ఎక్కేవాళ్ళకి తాడు ఉండదు. అందుకని ఆ మాట అనడానికి మాకు ప్రాణాలమీదికి వచ్చేది. అందరం, "ఏమోనండీ, మీరూ ఒకసారి చూడండి" అని తప్పించుకునేవాళ్ళం. అప్పుడు ఆవిడ మళ్ళీ స్వయంగా చూసుకునేవారు. నేనైతే ఎన్నిసార్లు వంతు వచ్చినా ప్రతిసారీ అలాగే తప్పించుకున్నాను. మాట పెగలని పిల్లనని నాకు ముందే పేరుంది.

రెండో ఏడు, వానాకాలం ముగుస్తున్న రోజులు. ముందురోజంతా కురిసి ఆదివారం తెల్లారేసరికి తెరిపిచ్చింది. ధవళేశ్వరం వెళ్ళాం. నా వంతు. ఇసుకరాయి తడిసి ముదురురంగులో ఉంది. తట్టాను, తడిమాను. చేతికి ఇసుక అంటలేదు. ఎప్పుడూ అంటుకునే ఇసుక ఆ రోజు అంటుకోకపోవడం చూసి నాకు భలే ధైర్యం వచ్చింది. ఎందుకో చెప్పాలి. మా గెలలు గోదారి లంకల నుంచి ఎడ్లబళ్ళ మీద ఇసుకలో రావాలి. పొడి ఇసుకలో చక్రం ఇరుసుదాకా దిగబడుతుంది. తడి ఇసుక మీద మాత్రం రాతినేల మీద వెళ్ళినట్టు వెళ్ళిపోతుంది. "తడి మీద తోలరా, తడి మీద తోలు!" అని నాన్న రేవులో నిలబడి అరవడం నేను నడక నేర్చిన దగ్గర్నుంచీ విన్నాను. తడిస్తే ఇసుక గట్టిపడుతుంది. ఇది నాకు ఏ పుస్తకం కన్నా బాగా తెలిసిన విషయం. అందుకే జీవితంలో మొదటిసారి, తడబడకుండా, గొంతెత్తి, "బాగానే ఉందండీ" అన్నాను. పైగా, "ఎప్పటికంటే గట్టిగా ఉందండీ" అని కూడా అన్నాను. భ్రమరాంబ గారు నా వైపు చూసి, ముఖమంతా వెలిగేలా నవ్వారు. "శభాష్" అని, రాయి మీద చెయ్యి వేశారు.

రెండు నిలువుల ఎత్తు వెళ్ళారు. ఎడమకాలి కింద అంచు తెగిన చప్పుడు కూడా రాలేదు. మెత్తగా, బెల్లం అచ్చు విరిగినట్టు విరిగింది. ఆవిడ కుడిచెయ్యి నేలకి ఆనించి పడ్డారు. మేం పరుగెత్తేసరికి కూర్చుని ఉన్నారు. ముఖం పాలిపోయింది. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. అయినా ముందు ఎడమచేత్తో పక్కన పడి ఉన్న ఆ విరిగిన ముక్కని తీసుకుని, కొంగులో మూటకట్టుకున్నారు. ఆ తరవాతే, "రిక్షా పిలవండమ్మా" అన్నారు.

మర్నాడు చేతికి కట్టుతోనే కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ గారు ఆవిడనీ, మా ఆరుగురినీ తన గదికి పిలిపించారు. "ఎలా జరిగిందండీ ఇది?" అని అడిగారు. "నేను సరిగ్గా చూసుకోలేదండి" అన్నారు భ్రమరాంబ గారు. నేను చెప్పానని, నా మాట నమ్మి ఎక్కానని అనలేదు. అప్పుడు నేను నోరు విప్పాలి. ఒక్క అడుగు ముందుకి వేసి, నేనే చూశానండీ అంటే సరిపోయేది. బల్ల మీద గాజు పేపర్‌వెయిట్‌లోని రంగుపువ్వు చూస్తూ నిలబడ్డాను. ఇక మీదట కాలేజీ పిల్లల్ని రాళ్ళెక్కించడానికి వీల్లేదని ఆయన చెప్పేశారు. ఆవిడ "మంచిదండీ" అని బయటికి వచ్చారు. పన్నెండేళ్ళుగా చేస్తున్న పని, ప్రాణంగా చూసుకున్న పని, నా వల్ల ఆగిపోయింది. ఈ మాట రాస్తుంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గుగా ఉంది.

కబురు తెలిసి నాన్న చక్రకేళి అరటిపళ్ళ హస్తాలు రెండు సంచిలో పెట్టుకుని చూడ్డానికి వచ్చారు. నన్నూ వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళారు. రెండు గదుల ఇల్లు, ఒక్కరే ఉండేవారు. నాన్న కుర్చీ చివర కూర్చుని, కట్టుకేసి చూసి, "మా అమ్మాయిని చూస్తూ ఉంటానన్నారు, చూశారు. దానికి చిన్న గీత కూడా పడలేదు. మరి మీరు ఎక్కేటప్పుడు మిమ్మల్ని ఎవరు చూస్తున్నారండి, మేడంగారూ?" అన్నారు. "పిల్లలు చూస్తున్నారండి" అన్నారు ఆవిడ నవ్వుతూ. రాయి చూసి చెప్పింది నేనేనని నాన్నకి తెలియదు. బస్సుకి వేళవుతోందని లేచి వెళ్ళిపోయారు. ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగాక నాకు ఏడుపు ఆగలేదు. "నేనేనండీ. నా వల్లేనండీ. ప్రిన్సిపాల్ గారి దగ్గర కూడా చెప్పలేకపోయానండీ" అని నేల మీద కూలబడి ఏడ్చాను.

ఏడవనిచ్చారు. తరవాత, "తడి ఇసుక గట్టిదని నీకు ఎవరు చెప్పారు?" అని అడిగారు. బళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ ఎంతో శ్రద్ధగా విన్నారు. "మీ నాన్నగారు చెప్పింది నిజమేనమ్మా. విడి ఇసుకని నీళ్ళు కలిపి ఉంచుతాయి. కానీ రాయిలో ఇసుకని కలిపి ఉంచేది నీళ్ళు కాదు, మధ్యలో ఉన్న మన్ను. దాన్ని నీళ్ళు విడదీస్తాయి" అని, గూట్లో దాచిన ఆ ముక్క తెప్పించారు. దాన్నుంచి బొటనవేలంత పెళ్ళ విరిచి, స్టీలుగ్లాసులో నీళ్ళు పోసి అందులో వెయ్యమన్నారు. "అది అలా ఉండనీ. ఈలోగా నాకు జడ వేసి పెడతావా? రెండు రోజులై దువ్వెన పట్టలేకపోతున్నాను" అన్నారు. ఆవిడ వెనక కూర్చుని చిక్కు తీశాను. కళ్ళజోడు దారం ముడి విప్పినప్పుడు చూశాను, ఆ దారం ఒరుసుకుని తల వెనక సన్నటి చార పడి ఉంది. తలలో నెరిసిన వెంట్రుకలు నేననుకున్న దానికంటే ఎక్కువే ఉన్నాయి. ఎంత నెమ్మదిగా వేసినా జడ అయిపోయింది. గ్లాసు దగ్గరికి వెళ్ళి చూస్తే రాయి లేదు. అడుగున చెంచాడు ఇసుక, పైన ఎర్రనీళ్ళు. "ఇంక ఈ తప్పు నువ్వు చెయ్యవు. అంతే. దీనికింతకంటే ఏడవక్కర్లేదు" అన్నారు ఆవిడ.

ఎముక అతుక్కుంది కానీ వేళ్ళు పూర్తిగా ముడవడం మళ్ళీ రాలేదు. బోర్డు మీద ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. వంకరటింకర అక్షరాలు చూసి కొత్త పిల్లలు ముసిముసిగా నవ్వితే నాకు వాళ్ళని చెంపలు వాయించాలనిపించేది. ఎండాకాలం సెలవుల ముందు ఒక రోజు నన్ను ఆపి, "ఆదివారం కాటేరు రా. కాలేజీ పేరు మీద వద్దన్నారు కానీ, మా నాన్న క్వారీకి నేను వెళ్ళకూడదని ఎవరూ అనలేదు కదా" అన్నారు. వెళ్ళాను, ఎక్కే ఉద్దేశం ఏమాత్రం లేకుండా. ఆవిడ రాయి వైపు గడ్డం ఎత్తి చూపించి, "చూసి చెప్పు" అన్నారు. "నేను చెప్పనండీ. మీరే చూడండి" అన్నాను. "నేను చూడను. నువ్వే చెప్పాలి" అన్నారు. అరగంట చూశాను. తట్టని చోటు లేదు. చివరికి ఆవిడ వైపు తిరిగి, "బాగానే ఉందండీ" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా పైకి వెళ్ళి, తాడు వేపచెట్టుకి చుట్టి, నడుముకి తెచ్చుకుని, ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నారు. "ఏం దొరుకుతోందో పైకి చెబుతూ ఎక్కు. నాకు వినాలని ఉంది" అన్నారు. "ఇక్కడ బెత్తెడు అంచుందండీ. గరుకుగా ఉంది. ఇక్కడ పగులండీ, రెండు వేళ్ళు పడుతున్నాయి. ఇక్కడ చల్లగా ఉందండీ, ఎండ పడలేదు." అలా చెబుతూ చెబుతూ ఎప్పుడు పైకి వచ్చానో తెలియలేదు. తల ఎత్తేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతి వేళ్ళు, ముడుచుకోలేని ఆ వేళ్ళు, నేను చెప్పిన ప్రతి అంచునీ పట్టుకుంటున్నట్టు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. నా గొంతు ఆగగానే అవీ ఆగాయి.

ఆ తరవాత నా పెళ్ళయింది, తణుకులో స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఎనభైల చివర్లో ఒక శీతాకాలం, పని మీద రాజమండ్రి వెళ్ళి ఆవిడని చూడబోయాను. "ధవళేశ్వరం వెళ్దామా?" అన్నారు. ఆ ఇసుకరాయి కిందే ఇద్దరం కూర్చున్నాం. వానలు లేక రాయి పొడిగా, ఎండకి వెచ్చగా ఉంది. పదేళ్ళుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "ఇప్పుడైనా చెప్పండి. ఎక్కడానికి మీకే రాయి ఇష్టం?" ఆవిడ వీపు ఆనించిన రాయినే ఎడమచేత్తో నిమిరారు. "ఇదే. ఎప్పుడూ ఇదే. ఇది కూడా ఒకప్పుడు గోదారి తెచ్చి పోసిన ఇసుకేనమ్మా. మనమూ ఇదీ ఒక ఇంటివాళ్ళం" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. "మీ చెయ్యి విరగ్గొట్టిందండీ ఇది!" అన్నాను. "ఇదేం చేసింది? తడిస్తే నిలవనని అది ఏనాడూ దాచుకోలేదు" అన్నారు. అయితే నేనే కదా అన్నాను. అప్పుడు ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, నెమ్మదిగా చెప్పారు. "తడిసిన ఇసుకరాయి సంగతి నాకు తెలియకనా వాసవీ? పుస్తకంలో పాఠం చెప్పేదాన్ని. ఆ రోజు ఇక్కడికి వచ్చి రాయి రంగు చూడగానే అనుకున్నాను, ఇవాళ వద్దని చెప్పి కాటేరు తీసుకెళ్ళాలని. ఈలోగా నువ్వు తిరిగి, తల ఎత్తి, బాగానే ఉందండీ అన్నావు. ఏడాదిన్నరగా ఆ గొంతు కోసం చూస్తున్నాను. ఆ సంతోషంలో రాయిని చూడడం మర్చిపోయి నిన్ను చూశాను. మీ నాన్నగారికి మాట ఇచ్చాను కదా, చూస్తూ ఉంటానని." పక్కకి జరిగి ఆవిడ కుడిచెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎండ పడమటికి దిగేదాకా అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు ఆవిడ లేరు. ఆ విరిగిన ముక్కలో మిగిలింది నా దగ్గరే ఉంది, తేమ తగలకుండా ఒక హార్లిక్స్ సీసాలో. మొన్న పలకంతా తట్టి, తడిమి, చెవి ఆనించి విన్నాక, "బాగానే ఉంది, బిగించెయ్యి" అన్నాను. మేస్త్రి చల్లారిన కాఫీ తాగి పనిలో పడ్డాడు. రాయిని ఎలా చూడాలో ఆవిడ నేర్పింది నేర్పినట్టే చేస్తున్నాను, అందులో ఇంతవరకూ పొరపాటు రాలేదు. కానీ ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఎవరైనా హఠాత్తుగా లేచి, తల ఎత్తి, గట్టిగా జవాబు చెప్పినప్పుడు, ఆ జవాబు తప్పో ఒప్పో చూడడం మర్చిపోయి, ఆ పిల్ల ముఖమే చూస్తూ, నవ్వుతూ "శభాష్" అనేసిన రోజులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. తరవాత తప్పు దిద్దడానికి మళ్ళీ లేపాల్సి వచ్చేది. అదీ ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. దాన్ని మాత్రం దిద్దుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.